కొలత చూసి కొలిమి: ఆప్టోఎలక్ట్రానిక్స్ పరిశోధనకు స్ఫటికం, పొర పెంచే దారుల్లో ఏది ఎప్పుడు

"కాడ్మియం ఆర్సెనైడ్ కావాలి" అని వచ్చిన విద్యార్థిని ముందుగా అడగాల్సింది ఒకటే: దాంతో ఏం కొలుస్తావు? లేజరు పడి తిరిగొచ్చే కాంతినే కొలిచేట్టయితే బియ్యపుగింజంత స్ఫటికం చాలు. క్వార్ట్జ్ గొట్టం, మామూలు ఫర్నేసు, వారం పది రోజుల ఓపిక ఉంటే వచ్చేస్తుంది. కాంతి నమూనాను దాటి అవతలికి రావాలన్నా, పైన గేటు పెట్టి ఓల్టేజీతో ఆడాలన్నా యాభై నానోమీటర్ల పొర కావాలి. అప్పుడు దారి నేరుగా ఎంబీఈ (వాక్యూమ్‌లో మూలకాల కిరణాలతో పొర పెంచే పద్ధతి) యంత్రం దగ్గరికి పోతుంది. పదార్థం ఒకటే అయినా ఖర్చులో, కాలంలో, నేర్చుకోవాల్సిన పనిలో రెండింటికీ పొంతనే లేదు.

కాబట్టి యంత్రాల కేటలాగు తెరిచే ముందు నాలుగు సంగతులు కాగితం మీద పెట్టుకోండి. కాంతి లోపలికి ఎంత లోతు పోవాలి, ఎన్ని చదరపు మిల్లీమీటర్ల మేర నమూనా కావాలి, రెండు పదార్థాల సరిహద్దు మీ ప్రయోగంలో పాత్రధారేనా, అదే నమూనా మళ్ళీ మళ్ళీ అచ్చంగా అలాగే రావాలా. పలచని పొర అవసరం లేక, మూడో దానికి, నాలుగో దానికి 'కాదు' అని జవాబొస్తే ఎంబీఈ, ఎంఓసీవీడీల (రెండోది రసాయన వాయువులతో పొర పెంచే పద్ధతి) జోలికి పోనక్కర్లేదు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?

కాడ్మియం ఆర్సెనైడ్ లాంటి సెమీమెటళ్ళకు మాత్రం ఒక అదనపు చిక్కుంది. గాలియం ఆర్సెనైడ్‌లో బ్యాండ్ గ్యాప్, అంటే ఎలక్ట్రాన్లు ఉండలేని శక్తుల మేర, 1.42 ఎలక్ట్రాన్ ఓల్టులు. కాస్త మలినం ఉన్నా గ్యాప్ గ్యాప్‌గానే ఉంటుంది, కాంతి దాని వెడల్పే చెబుతుంది. సెమీమెటల్‌లో గ్యాపే లేదు. అక్కర్లేని ఎలక్ట్రాన్లు కొన్ని చేరినా ఫెర్మీ మట్టం (ఎలక్ట్రాన్లు నిండిన శక్తి ఎత్తు) జరిగిపోయి, చూడాలనుకున్న సంగతి వాటి కింద కప్పబడిపోతుంది. లెక్క వేసి చూడండి: 99.999 శాతం శుద్ధి అంటే పది లక్షల్లో పది పరాయి పరమాణువులు. ఘన సెంటీమీటరుకు 4×10²² పరమాణువులనుకుంటే అవి 4×10¹⁷ అవుతాయి. అన్నీ తలో ఎలక్ట్రాన్ ఇస్తే మీ కొలత అక్కడితో సరి. అందుకే టెల్యూరియం, కాడ్మియం, బిస్మత్ లాంటివి ఆరు తొమ్మిదుల (99.9999 శాతం) శుద్ధిలో కొనండి. ఐదు తొమ్మిదులే దొరికితే మళ్ళీ స్వేదనం చేసుకోండి. లోహాల అతిశుద్ధి మీద పనిచేసే సీ-మెట్ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది, ఒకసారి అక్కడ అడిగి చూడటం మంచిది.

సీలు వేసిన క్వార్ట్జ్ గొట్టం

పరిశోధన స్థాయి స్ఫటికాల్లో చాలా భాగం పుట్టేది ఇందులోనే. ఇక్కడ ఎంచుకోవాల్సింది రెండింటి మధ్య: అయోడిన్‌తో ఆవిరి రవాణా, అంటే సీవీటీ, లేదా కరిగిన లోహంలోనుంచి స్ఫటికాన్ని రాబట్టే ఫ్లక్స్ పద్ధతి.

సీవీటీలో అయోడిన్ కూలీలా పనిచేస్తుంది. ఒక కొసన లోహాన్ని అయొడైడ్ ఆవిరిగా ఎత్తుకుని, రెండో కొసన దించేసి, మళ్ళీ వెనక్కి వస్తుంది. టంగ్‌స్టన్ డైసెలెనైడ్‌నే తీసుకుందాం. రెండు గ్రాములకు టంగ్‌స్టన్ పొడి 1.08 గ్రాములు, సెలీనియం 0.92 గ్రాములు. లోపలి వ్యాసం 15 మిల్లీమీటర్లు, పొడవు 15 సెంటీమీటర్లు ఉన్న గొట్టంలో ఘనపరిమాణం దాదాపు 26 ఘన సెంటీమీటర్లు. ఘన సెంటీమీటరుకు 3 మిల్లీగ్రాముల చొప్పున అయోడిన్ 80 మిల్లీగ్రాములు పడుతుంది. వెయ్యి డిగ్రీల దగ్గర ఆ అయోడిన్ ఒక్కటే 1.2 అట్మాస్ఫియర్ల పీడనం ఇస్తుంది. రవాణా త్వరగా జరగాలని అయోడిన్ రెట్టింపు చేస్తే ఆవిరి సుళ్ళు తిరగడం మొదలవుతుంది. నాలుగు పెద్ద పలకలు రావాల్సిన చోట నలభై చిన్న రేకులు వస్తాయి.

గొట్టం పగిలేది సాధారణంగా మొదటి రోజే. సెలీనియం 685 డిగ్రీల దగ్గర మరుగుతుంది. టంగ్‌స్టన్‌తో చర్య జరగకముందే ఫర్నేసును వెయ్యికి తోసేస్తే ఆ 0.92 గ్రాముల ఆవిరి పీడనం పది అట్మాస్ఫియర్లను సులువుగా దాటేస్తుంది. గొట్టం గోడ తట్టుకున్నా టార్చ్‌తో సీలు వేసిన మెడ తట్టుకోదు. అందుకని గంటకు యాభై డిగ్రీలకు మించకుండా పెంచి, 600 దగ్గర ఒక రోజంతా ఆపి, చర్య ముగిశాకే పైకి పోవాలి. ఆర్సెనిక్‌కైతే ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం. అది 614 డిగ్రీల దగ్గర కరగకుండానే ఆవిరైపోతుంది, పగిలితే గదంతా విషం. ఆర్సెనిక్ పనులకు ఫర్నేసు ఫ్యూమ్ హుడ్ లోపలే ఉండాలి, గొట్టం చుట్టూ ఇంకో గొట్టం ఉండాలి.

మిగతా మెలకువలు చిన్నవే అయినా ఫలితం వాటి మీదే ఆధారపడుతుంది. వాక్యూమ్ లాగుతున్నప్పుడు అయోడిన్ కూడా పంపులోకి పోతుంది కనుక గొట్టం అడుగును ద్రవ నైట్రోజన్‌లో ముంచి ఉంచాలి. అసలు పెంపకం మొదలుపెట్టే ముందు ఒక రోజు ఉష్ణోగ్రతలను తిరగేసి, స్ఫటికాలు రావాల్సిన కొసను ఎక్కువ వేడిలో ఉంచితే అక్కడ అంటుకున్న పొడి శుభ్రమవుతుంది, బీజాలు తక్కువగా పడతాయి. ఆ తర్వాత మూలపదార్థం వెయ్యి దగ్గర, రెండో కొస అంతకు యాభై నుంచి వంద డిగ్రీలు తక్కువలో వారం పది రోజులు. చివర్లో మూలపదార్థం ఉన్న కొసను ముందు చల్లార్చండి. అప్పుడు అయోడిన్ అటే గడ్డకడుతుంది, స్ఫటికాల మీద మరకలు పడవు.

ఫ్లక్స్ పద్ధతిలో సెలీనియాన్నో టెల్యూరియాన్నో అవసరానికి మించి చాలా ఎక్కువ వేసి, ఆ కరిగిన మడుగులోనుంచి మెల్లగా చల్లారుస్తూ స్ఫటికాన్ని రప్పిస్తారు. అయోడిన్ లేదు కనుక అది స్ఫటికంలో ఇరుక్కునే భయమూ లేదు. పెరిగే ఉష్ణోగ్రత తక్కువ, చుట్టూ చాల్కోజెన్ (సెలీనియం లేదా టెల్యూరియం) పుష్కలం. అందువల్ల పరమాణువు లేని ఖాళీ స్థానాలు తగ్గుతాయి. టంగ్‌స్టన్ డైటెల్యురైడ్‌లో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. గది ఉష్ణోగ్రత దగ్గరి నిరోధాన్ని అతిశీతలంలోని నిరోధంతో భాగిస్తే వచ్చే నిష్పత్తి, ఆర్ఆర్ఆర్ (ఎక్కువైతే స్ఫటికం అంత మేలు), సీవీటీ స్ఫటికాల్లో వందల్లో ఆగిపోతే టెల్యూరియం ఫ్లక్స్ స్ఫటికాల్లో వెయ్యి దాటింది. డైసెలెనైడ్‌లలోనూ ఫ్లక్స్ దారిన బిందులోపాలు చదరపు సెంటీమీటరుకు 10¹¹ దరిదాపులకు దిగాయి. సీవీటీలో అంతకు పది నుంచి వంద రెట్లు ఉంటాయి. ఎక్సైటాన్ (జంటకట్టిన ఎలక్ట్రాన్, రంధ్రం) ఇచ్చే కాంతిరేఖ వెడల్పు కొలవాలన్నా, ఒకే ఫోటాన్ వెలువడే కేంద్రాలను వెతకాలన్నా ఫ్లక్స్ స్ఫటికమే తీసుకోండి. పెద్ద పలక కావాలి, విద్యార్థులు పొరలు ఒలవడం నేర్చుకోవాలి అంటే సీవీటీ చాలు. ఫ్లక్స్‌కు ఉన్న లోటు ఏమిటంటే, టంగ్‌స్టన్ ఆ మడుగులో చాలా తక్కువగా కరుగుతుంది. వారాలు గడిచినా స్ఫటికం పలచగా, చిన్నదిగానే ఉంటుంది. పొరల మధ్య ఫ్లక్స్ తునకలు ఇరుక్కుంటాయి.

కాడ్మియం ఆర్సెనైడ్‌కు అసలు అయోడిన్ ఊసే వద్దు, కాడ్మియమే దానికి మంచి ఫ్లక్స్. కాడ్మియం, ఆర్సెనిక్‌లు 8:2 మోల్ నిష్పత్తిలో, అంటే పది గ్రాముల ముద్దకు కాడ్మియం 8.57 గ్రాములు, ఆర్సెనిక్ 1.43 గ్రాములు. అల్యూమినా మూసలో పెట్టి, మూస పైభాగాన క్వార్ట్జ్ ఊలు దూర్చి, గొట్టాన్ని సీలు చేయాలి. 825 డిగ్రీల దగ్గర రెండు రోజులు ఉంచి, గంటకు ఆరు డిగ్రీల చొప్పున 425 వరకు దించాలి. ఆ దిగడానికే 67 గంటలు పడుతుంది. 425 దగ్గర కాడ్మియం ఇంకా ద్రవమే, దాని ద్రవీభవన స్థానం 321. గొట్టాన్ని పటకారుతో తీసి తలకిందులుగా సెంట్రిఫ్యూజ్‌లో పడేసి అర నిమిషం తిప్పితే ద్రవం ఊలులోనుంచి జారిపోయి స్ఫటికాలు మిగులుతాయి. ఫర్నేసు నుంచి సెంట్రిఫ్యూజ్‌కు నడక ఐదారు సెకన్లకు మించితే కాడ్మియం గడ్డకట్టి స్ఫటికాలను సిమెంటులా పట్టేస్తుంది. అంటే రెండు యంత్రాలూ పక్కపక్కనే ఉండాలి. ఇలా పెంచిన స్ఫటికాల్లో 5 కెల్విన్ దగ్గర ఎలక్ట్రాన్ మొబిలిటీ (ఎంత సులువుగా కదులుతుందన్న కొలత) ఓల్టు-సెకనుకు 90 లక్షల చదరపు సెంటీమీటర్ల దాకా కొలిచారు. పొరల్లో ఆ అంకె ఇంకా కలే.

బ్రిడ్జ్‌మన్ పద్ధతి (కరిగిన ముద్దను చల్లని చోటికి మెల్లగా దించి గడ్డకట్టించడం) గురించి క్లుప్తంగా చెప్పేసుకోవచ్చు. సమ్మేళనం తన కూర్పు మారకుండా కరిగేదైతే, గట్టి కడ్డీ లాంటి స్ఫటికం కావాలంటే ఇదే దారి. బిస్మత్ సెలెనైడ్ 705 డిగ్రీల దగ్గర అలా కరుగుతుంది. గంటకు ఒకటి రెండు మిల్లీమీటర్లు దించుకుంటూ పోతే అరచేతిలో పట్టేంత కడ్డీ వస్తుంది, బ్లేడుతో చీలిస్తే అద్దంలాంటి ముఖం కనబడుతుంది. సెలీనియం కొంత ఎగిరిపోయి ఖాళీలు మిగలడంతో అది తప్పకుండా ఎన్-రకంగానే (అదనపు ఎలక్ట్రాన్లతో) తయారవుతుంది, ఘన సెంటీమీటరుకు 10¹⁸ నుంచి 10¹⁹ దాకా వాహకాలతో. ఒకటి రెండు శాతం సెలీనియం అదనంగా వేయడం కొంత మందే గాని పూర్తి చికిత్స కాదు.

గొట్టపు ఫర్నేసులో ఏకపొరలు

మాలిబ్డినం డైసల్ఫైడ్, గ్రాఫీన్ లాంటి ఒకటి నుంచి మూడు పరమాణువుల మందం ఏకపొరలకు పొడులతో, వాయువులతో చేసే సీవీడీ (ఆవిరుల రసాయన చర్యతో పొర పరిచే పద్ధతి) చౌకైన దారి. ఇక్కడ దీనికి పోటీ ఎంబీఈ కాదు, సెల్లో టేపు. రేఖ సన్నగా ఉండాలంటే ఫ్లక్స్ స్ఫటికాన్ని టేపుతో ఒలిచి, రెండు హెచ్-బీఎన్ (షట్కోణ బోరాన్ నైట్రైడ్) రేకుల మధ్య పెట్టాలి. ప్రపంచంలో చాలా ల్యాబులు వాడే హెచ్-బీఎన్ జపాన్‌లోని పదార్థ పరిశోధన సంస్థ ఎన్ఐఎంఎస్‌లో తానిగుచి, వాతనబేలు అధిక పీడనంలో పెంచినదే. అలా కప్పిన నమూనాలో అతిశీతలంలో ఎక్సైటాన్ రేఖ కొద్ది మిల్లీ ఎలక్ట్రాన్ ఓల్టులకు సన్నబడుతుంది. సిలికాన్ ఆక్సైడ్ మీద పెరిగిన సీవీడీ పొరలో ఆ సన్నదనం ఆశించకండి. సీవీడీ ఎంచుకోవాల్సింది విస్తీర్ణం కోసం: యాభై డిటెక్టర్లు ఒకే చిప్ మీద ఉండాలి, వేవ్‌గైడ్ పొడుగునా పొర పరవాలి అన్నప్పుడు.

మాలిబ్డినం ట్రయాక్సైడ్ పదీ పదిహేను మిల్లీగ్రాములు పడవలో, దాని పైన బోర్లించిన సబ్‌స్ట్రేటు (పొర పెరిగే ఆధార పలక), 750 డిగ్రీలు. గంధకం 200 మిల్లీగ్రాముల పైచిలుకు, వాయువు వచ్చే వైపు, 180-200 డిగ్రీల చోట. ఆర్గాన్ నిమిషానికి యాభై ఘన సెంటీమీటర్లు, పది పదిహేను నిమిషాలు. ఇందులో గెలుపోటములు తేలేది గంధకం ఎప్పుడు ఆవిరవుతుందన్న దాని మీదే. ముందే వచ్చేస్తే ఆక్సైడ్ పొడి మీద సల్ఫైడ్ తోలు కట్టి దాని ఆవిరి ఆగిపోతుంది, సబ్‌స్ట్రేటు ఖాళీగా బయటికొస్తుంది. ఆలస్యమైతే త్రిభుజాలకు బదులు సగమే క్షయకరణం చెందిన ఆక్సైడ్ దిమ్మలు కనబడతాయి. కాబట్టి గంధకానికి వేరే హీటర్ టేపు చుట్టండి. ఒకే ఫర్నేసు కొస వేడి మీద ఆధారపడితే ప్రతి రన్నూ లాటరీయే. వచ్చింది ఏకపొరో కాదో రామన్ వర్ణపటం (చెదిరిన లేజరు కాంతి విశ్లేషణ) ఇట్టే చెబుతుంది: రెండు శిఖరాల మధ్య దూరం సెంటీమీటరుకు 19-20 తరంగాలుంటే ఒక పొర, 25కు చేరితే మందపాటి ముక్క.

గ్రాఫీన్‌కు 25 మైక్రాన్ల రాగి రేకు, మీథేన్, హైడ్రోజన్, వెయ్యి డిగ్రీల పైన కాస్త. రాగి 1085 దగ్గర కరుగుతుంది కనుక థర్మోకపుల్ ముప్ఫై డిగ్రీలు తప్పు చూపినా రేకు ముద్దయిపోవచ్చు. ఒక్క పొర కాంతిలో 2.3 శాతమే పీల్చుకుంటుంది. డిటెక్టర్ గీసే ముందు ఈ అంకె గుర్తుంచుకోవాలి.

ఎంబీఈయా, ఎంఓసీవీడీయా

సరిహద్దులే ప్రయోగమైనప్పుడు, అంటే క్వాంటమ్ బావులు (ఎలక్ట్రాన్లను బంధించే అతిపలచని పొరలు), లేజర్లు, కాస్కేడ్ నిర్మాణాలు (అలాంటి బావుల వరుసలు) కావాలన్నప్పుడు ఈ రెండింటి మధ్యే తేల్చుకోవాలి.

ఎంబీఈలో 10⁻¹⁰ టార్ వాక్యూమ్‌లో మూలకాలు కిరణాలుగా వచ్చి వేఫర్ (పలచని స్ఫటిక బిళ్ళ) మీద వాలతాయి. షట్టర్ మూస్తే కిరణం ఆగిపోతుంది, ఒక పరమాణు పొర దగ్గర గీత గీసినట్టు. ఎలక్ట్రాన్ పుంజాన్ని ఉపరితలానికి దాదాపు సమాంతరంగా వదిలి చూస్తే తెర మీద వెలుతురు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఒక్కో ఊపు ఒక్కో పొర. గాలియం ఆర్సెనైడ్‌లో పొర మందం 2.83 ఆంగ్‌స్ట్రామ్‌లు, సెకనుకొకటి పడితే గంటకు ఒక మైక్రాన్. పెరుగుదల వేగాన్ని గాలియం నిర్ణయిస్తుంది, ఆర్సెనిక్ ఎప్పుడూ మిగులులోనే ఉంటుంది. వేఫర్‌ను 580-600 డిగ్రీలకు చేర్చినప్పుడు ఆక్సైడ్ లేచిపోతుంది; తెర మీద మసక పోయి నమూనా తేటపడటమే గుర్తు. ఆ సమయంలో ఆర్సెనిక్ కిరణం తెరిచి ఉంచడం మరిచిపోతే గాలియం బిందువులు మిగిలి వేఫర్ పాడవుతుంది.

ఎంఓసీవీడీ గంటకు కొన్ని మైక్రాన్లు పోస్తుంది, ఒకేసారి ఎన్నో వేఫర్లు. ఎల్ఈడీల గాలియం నైట్రైడ్ లోకానికి వచ్చింది ఈ దారినే, వెయ్యి డిగ్రీల పైన అమ్మోనియాతో. నైట్రైడ్లు, ఫాస్ఫైడ్లు కావాలంటే మరో ఆలోచన అక్కర్లేదు. యాంటిమొనైడ్ల సంగతి వేరు. యాంటిమొనీ హైడ్రైడ్ నిలకడలేని వాయువు, తక్కువ ఉష్ణోగ్రతలో మూలవాయువులు సరిగా విడిపోక కార్బన్ ఇరుక్కుంటుంది, మిగులు యాంటిమొనీ ఎగిరిపోదు. అందుకే మధ్య-పరారుణ లేజర్లకు, డిటెక్టర్లకు ఎక్కువమంది ఎంబీఈ వైపే మొగ్గుతారు.

భద్రత ఖర్చును చాలామంది లెక్కలో వేసుకోరు. ఆర్సీన్‌ను పని చోట గాలిలో వంద కోట్ల భాగాలకు ఐదు దగ్గరే ఆపాలన్నది నేటి కఠిన ప్రమాణం. డిటెక్టర్లు, స్క్రబ్బర్, రెండు గోడల పైపులు, రాత్రింబగళ్ళు అలారం, అన్నీ కలిస్తే రియాక్టరు కన్నా భవనం ఖరీదైపోతుంది. ద్రవరూపంలో దొరికే టెర్షియరీ బ్యూటైల్ ఆర్సీన్ కొంత ఊరట. ఎంబీఈలో విషవాయువు లేదు గాని ద్రవ నైట్రోజన్ రోజుకు వందల లీటర్లు తాగుతుంది. చాంబరు ఒకసారి తెరిస్తే బేకింగ్‌కే వారం పైన పోతుంది. మీ ఊళ్ళో ద్రవ నైట్రోజన్ ట్యాంకరు వానాకాలంలోనూ టైముకు వస్తుందా అన్నది ఎంబీఈ కొనేముందు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న.

ఏది ఎంచుకున్నా జాలక స్థిరాంకాన్ని (స్ఫటికంలో పరమాణువుల అమరిక తిరిగి మొదలయ్యే దూరం) తప్పించుకోలేం. గాలియం ఆర్సెనైడ్ 5.653, ఇండియం ఫాస్ఫైడ్ 5.869, గాలియం యాంటిమొనైడ్ 6.096 ఆంగ్‌స్ట్రామ్‌లు. గాలియం ఆర్సెనైడ్ మీద 20 శాతం ఇండియం కలిపిన పొర 1.4 శాతం తేడాతో పది పదిహేను నానోమీటర్లు దాటగానే సడలి, లోపాల వల అల్లుతుంది. ఇండియం ఫాస్ఫైడ్ మీద 53 శాతం ఇండియం సరిగ్గా కుదురుతుంది, 1.7 మైక్రాన్ల దాకా కాంతిని పడుతుంది. చౌకని గాలియం ఆర్సెనైడ్ వేఫర్ మీద దాన్ని పెంచబోవడం పొదుపు కాదు.

ఇక మొదట చెప్పిన కాడ్మియం ఆర్సెనైడ్ పొర. శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో దాన్ని గాలియం ఆర్సెనైడ్ మీద గాలియం యాంటిమొనైడ్ బఫర్ (మధ్య పొర) వేసి ఎంబీఈలో పెంచారు. సబ్‌స్ట్రేటు వేడి రెండు వందల డిగ్రీల చుట్టుపక్కలే ఉండాలి, మించితే పడింది పడ్డట్టే ఎగిరిపోతుంది. ఇంకో హెచ్చరిక: కాడ్మియం, టెల్యూరియం, మెర్క్యురీలను గాలియం ఆర్సెనైడ్ లేజర్లు పెంచే చాంబరులోకి రానివ్వకండి. గోడలకు పట్టిన టెల్యూరియం నెలల తరబడి ఎన్-రకం మలినంగా వస్తూనే ఉంటుంది.

రెండూ కలిసే చోట

సెమీకండక్టరు, సెమీమెటల్ ఒకే స్ఫటికంలో కలిసి పనిచేసే మంచి ఉదాహరణ టెరాహెర్ట్జ్ స్విచ్. 800 నానోమీటర్ల లేజరుతో కొట్టగానే విద్యుత్తు పుట్టి పికోసెకను లోపే ఆరిపోవాలి. ఒక దారి, గాలియం ఆర్సెనైడ్‌ను 200-250 డిగ్రీల దగ్గరే పెంచి, తర్వాత 600 దగ్గర పది నిమిషాలు కాల్చడం. ఇరుక్కున్న దాదాపు ఒక శాతం అదనపు ఆర్సెనిక్ గుంపులుగా చేరి వాహకాలను మింగేస్తుంది. రెండోది, మామూలు ఉష్ణోగ్రతలోనే ఎర్బియం ఆర్సెనైడ్ అనే సెమీమెటల్ నానోకణాలను పొరలు పొరలుగా వేయడం. మొదటి దానికి ఎర్బియం సెల్ (ఎర్బియాన్ని ఆవిరిచేసే మూస) అక్కర్లేదు, కానీ అంత తక్కువ వేడిని థర్మోకపుల్ సరిగా చూపదు. పది డిగ్రీల తేడాకే వాహకాల జీవితకాలం మారిపోతుంది కనుక ఒక ల్యాబ్ రెసిపీ ఇంకో ల్యాబులో పనిచేయదు. రెండో దాంట్లో జీవితకాలాన్ని కణాల పొరల మధ్య దూరంతో సర్దుకోవచ్చు. తరచూ పెంచాల్సి వస్తే ఎర్బియమే మేలు. ఒకటి రెండు నమూనాలే చాలనుకుంటే మొదటిది.

మెర్క్యురీ కాడ్మియం టెల్యురైడ్‌లో కథ ఇంకోలా ఉంటుంది. మెర్క్యురీ టెల్యురైడ్ సెమీమెటల్, కాడ్మియం టెల్యురైడ్ 1.5 ఎలక్ట్రాన్ ఓల్టుల సెమీకండక్టరు. పాళ్ళు మార్చుకుంటూ పోతే గ్యాప్ మధ్యలో ఎక్కడైనా ఆగుతుంది. 20 శాతం కాడ్మియం దగ్గర 8-14 మైక్రాన్ల ఉష్ణకాంతిని పట్టే డిటెక్టర్ అవుతుంది. ఎంబీఈలో దీనికి 180-190 డిగ్రీల సన్నని కిటికీ ఉంది, రెండు మూడు డిగ్రీలు తప్పినా మెర్క్యురీ అంటుకోదు లేదా మరీ ఎక్కువగా అంటుకుని లోపాలు పుడతాయి. పాదరసంతో అనుభవం లేని విశ్వవిద్యాలయ ల్యాబు దీన్ని తనంత తాను మొదలుపెట్టకపోవడమే మంచిది.

వచ్చినదాన్ని నమ్మేముందు

ఈడీఎక్స్ (ఎక్స్-రేలతో మూలకాల పాళ్ళు చెప్పే కొలత) చూసి "కూర్పు సరిగ్గా ఉంది" అనుకోవద్దు. అది ఒక శాతం తేడానే కష్టంగా పడుతుంది. ఘన సెంటీమీటరుకు 10¹⁹ వాహకాలంటే 0.1 శాతం కన్నా తక్కువ. సెమీమెటల్‌కు హాల్ కొలత (అయస్కాంత క్షేత్రంలో వాహకాల లెక్క), ఆర్ఆర్ఆర్. క్వాంటమ్ బావికి ఎక్స్-రే ఉపగ్రహ శిఖరాలు, చల్లని ఉష్ణోగ్రతలో పీఎల్ (లేజరు పడ్డాక నమూనా వెలువరించే కాంతి) వెడల్పు. ఇవి లేకుండా నమూనాను పంప్-ప్రోబ్ (ఒక లేజరు స్పందనతో కొట్టి ఇంకోదానితో చూసే ప్రయోగం) బల్ల మీదికి ఎక్కిస్తే నెలల కొలత వృథా పోవచ్చు.

ఏడాదికి పది వేఫర్లకు మించి అవసరం లేకపోతే ఎంబీఈ, ఎంఓసీవీడీ కొనకండి. ఐ-స్టెమ్ పోర్టల్‌లో దేశంలోని పరికరాలు చూసి బుక్ చేసుకోవచ్చు. ఐఐఎస్సీ, ఐఐటీ బొంబాయి లాంటి చోట్ల ఐఎన్‌యూపీ (నానోఎలక్ట్రానిక్స్ వినియోగదారుల కార్యక్రమం) కింద బయటివాళ్ళకూ అవకాశం ఉంది. అడిగేటప్పుడు "ఇండియం గాలియం ఆర్సెనైడ్ పొర కావాలి" అని రాస్తే పని జరగదు. సబ్‌స్ట్రేటు ఏది, దాని దిక్కు, సెమీ-ఇన్సులేటింగా కాదా, ఒక్కో పొర మందం, డోపింగ్ (కావాలని కలిపే మలినం), పైన రక్షణ పొర, వెనకవైపు పాలిష్ కావాలా, అన్నీ ఒక పట్టికలో పెట్టండి. కాంతి దాటించే ప్రయోగమైతే ఆ చివరిదే అందరూ మరిచేది. గరుకు వెనకవైపు కాంతిని చెదరగొట్టేస్తుంది. అదే రోజు పెంచిన, మీ పొర లేని బఫర్ వేఫర్ ఒకటి కూడా అడగండి. దాంతో తీసివేత చేయకపోతే సంకేతం పొరదో సబ్‌స్ట్రేటుదో ఎవరూ చెప్పలేరు.